మాట తప్పాననే బాధ: భార్యను మెమరీ కేర్‌లో చేర్చిన ఒక భర్త కేసు

నేపథ్యం

డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా క్షీణించే జబ్బు) ఉన్నవారి కుటుంబాలతో పనిచేసే కౌన్సెలర్లు, నర్సులు, సోషల్ వర్కర్ల కోసం ఈ కేసు రాస్తున్నాను. కుటుంబం అనుమతి ఉంది. మనుషుల్ని గుర్తుపట్టించే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

ఆయనకు డెబ్బై దాటాయి. భార్యకు డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ అని తేలి ఆరేళ్లు. పిల్లలిద్దరూ దూరాన ఉంటారు. మొదటి నాలుగేళ్లు మందులతో, పగటిపూట ఒక మనిషి సాయంతో, ఎక్కువగా ఆయన ఓపికతో ఇల్లు నడిచింది. చివరి ఏడాదిన్నర అలా లేదు. ఆమెకు రాత్రి నిద్ర పోయింది. రెండుసార్లు చీకట్లో వీధి తలుపు తీసుకుని వెళ్లిపోయింది. మలమూత్రాల మీద అదుపు లేదు. స్నానమంటే భయపడి చేతికి అందినవాళ్లను కొట్టేది. పొద్దువాలితే భర్తను గుర్తుపట్టక, ఎవరో పరాయి మగాడు ఇంట్లో దూరాడని కేకలేసేది. పెట్టుకున్న అటెండెంట్లు ఇద్దరూ మానేశారు. కిందపడ్డ ఆమెను లేపబోయి ఆయనా పడ్డారు, పక్కటెముక విరిగింది. రాత్రీ పగలూ ఎవరో ఒకరు మెలకువగా ఉండాల్సిన దశ ఇదనీ, అది ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదనీ డాక్టర్ తేల్చి చెప్పారు. పిల్లలు వచ్చి, కొన్ని చోట్లు చూసి, రాత్రి షిఫ్టులో కూడా సిబ్బంది మేలుకుని ఉండే ఒక మెమరీ కేర్ సెంటర్‌లో, అంటే డిమెన్షియా ఉన్నవారిని ఉంచి చూసుకునే చోట, చేర్చారు. సంతకం మాత్రం ఆయనే పెట్టారు.

జబ్బు తేలిన రోజున ఆమె ఆయన్ని ఒకటే అడిగింది: "నన్ను ఎక్కడా వదిలిపెట్టకండి." ఆయన "వదలను" అన్నారు.

ఏ బాధతో వచ్చారు

చేర్చిన మూడు నెలలకు, కూతురు పట్టుబడితే వచ్చారు. రోజూ ఉదయం పదింటికి సెంటర్‌కి వెళ్లి రాత్రి ఏడింటికి బయటికొస్తున్నారు. మధ్యాహ్నం ఆమెకు తనే తినిపిస్తారు, తను మాత్రం తినరు. సిబ్బందితో రోజూ ఏదో ఒక తగువు. తన షుగర్ మందులు సగం రోజులు వేసుకోవడం లేదు. బరువు బాగా తగ్గారు. ఇంట్లో మంచం మీద పడుకోరు. ఆమె తలుపు తీసుకుని వెళ్లకుండా ఏడాదిన్నర పాటు హాల్లో ఏ కుర్చీలో కూర్చుని కాపలా కాశారో, ఇప్పటికీ ఆ కుర్చీలోనే కునుకు తీస్తారు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, లేచి గొళ్లెం చూసుకుంటారు.

ఆయన మాటల్లో చెప్పాలంటే: "ఆవిడ నన్ను నమ్మింది మేడమ్. నేను తప్పు చేశాను. ఇంటికి తీసుకొచ్చేస్తాను." పరామర్శకు వచ్చిన మరదలు అన్న మాట దీనికి తోడైంది: "మీరుండగా అక్కయ్యని అక్కడెలా పెట్టారు బావగారూ?"

డిప్రెషన్ తీవ్రత చూసే పీహెచ్‌క్యూ-9లో 27కి 17 వచ్చింది. తొమ్మిదో ప్రశ్న, అంటే చనిపోతే బాగుండుననిపించడం గురించిన ప్రశ్నకు "కొన్ని రోజులు" అని గుర్తు పెట్టారు. కాబట్టి మిగతా ఏ పనికన్నా ముందు దాన్నే విడమరచి అడిగాను. ఆలోచన ఉందా, పద్ధతి ఏదైనా అనుకున్నారా, ఇంట్లో నిద్రమాత్రలు ఎన్ని ఉన్నాయి? పథకమేమీ లేదు, "నేను పోతే ఆవిడని ఎవరు చూస్తారు" అన్న ఆలోచనే ఆపుతోంది. అయినా భార్య కోసం తెచ్చిన పాత మందులన్నీ కూతురు ఇంట్లోంచి తీసేసింది. రోజూ రాత్రి ఫోన్ చేయడం కొడుకు బాధ్యత. ఫ్యామిలీ డాక్టర్ ఆయన షుగర్‌ని దారిలో పెట్టి, డిప్రెషన్‌కి మందు మొదలుపెట్టారు. వయసు మళ్లిన, ఒంటరిగా ఉన్న, ఏళ్ల తరబడి సేవ చేసి ఒక్కసారిగా ఖాళీ అయిన మగవాళ్ల దగ్గర ఈ ప్రశ్న మొహమాటపడి వదిలేయకూడదు. "అపరాధ భావమేగా" అనుకుని ముందుకెళ్తే ప్రమాదం.

ఇంకో కొలత చాలా చెప్పింది. సంరక్షకుల భారాన్ని చూసే జారిట్ ప్రశ్నావళిలో 22 ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 88. సెంటర్‌లో చేర్చడానికి ముందు డాక్టర్ దగ్గర చేసినదాంతో పోలిస్తే మొత్తం బాగా తగ్గింది. శారీరక శ్రమ, సమయం, ఆరోగ్యం గురించిన ప్రశ్నలన్నీ దిగాయి. రెండే రెండు దిగలేదు: తను ఇంకా ఎక్కువ చేయాల్సిందని అనిపిస్తోందా అన్న 20వది, ఇంకా బాగా చూసుకోగలిగేవాణ్ణని అనిపిస్తోందా అన్న 21వది. రెండిటికీ 4. మొత్తం స్కోరు మాత్రమే చూసి "భారం తగ్గింది" అని రాసుకుంటే ఈ మనిషి మన కంటికి కనపడడు. చేర్చాక సంరక్షకుల డిప్రెషన్, ఆందోళన వాటంతటవే తగ్గవని, ముఖ్యంగా భార్యాభర్తల విషయంలో తగ్గవని రిచర్డ్ షుల్జ్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. అయినా చాలా చోట్ల కుటుంబానికిచ్చే సాయం అడ్మిషన్ రోజుతో ఆగిపోతోంది.

పనిచేయనివి

మా దగ్గరికి రాకముందే నాలుగు ప్రయత్నాలు జరిగాయి. అవి ఎందుకు విఫలమయ్యాయో తెలిస్తేనే తర్వాతి నిర్ణయాలు అర్థమవుతాయి.

మొదటిది ఓదార్పు. పిల్లలు, డాక్టరు, స్నేహితులు అందరూ ఒకటే మాట: "మీరు చేయగలిగిందంతా చేశారు." ఆ మాట విన్న ప్రతిసారీ ఆయన తన మీద తనే వాదన మొదలుపెట్టేవారు. "ఆ రోజు విసుక్కున్నాను కదా." "రాత్రి మనిషిని పెట్టుకుంటే సరిపోయేదేమో." ఎదుటివాళ్లు ఎంత గట్టిగా సమర్థిస్తే ఈయన అంత గట్టిగా ఆరోపణ వెతకాల్సి వచ్చేది. ప్రేమతో అన్న మాటే అయినా, దాంతో సంభాషణ అక్కడితో ఆగిపోయేది. తన బాధ ఎవరూ పూర్తిగా వినలేదన్నది ఆయనకు మిగిలేది.

రెండోది సెంటర్ మేనేజర్ సలహా: "రెండు వారాలు రాకండి, ఆవిడ అలవాటు పడతారు." నాలుగో రోజు ఆయన గేటు బయట నిలబడి కనిపించారు. ఈ "రాకండి" నియమం అందరికీ ఒకేలా వర్తించదు. రోగి స్థితి చూడకుండా, రోజూ చూడకపోతే తట్టుకోలేని భర్తకు అది చెబితే, వదిలేశానన్న భయం నిజమైనట్టే అనిపిస్తుంది.

మూడోది మధ్యాహ్నం పూట ఇంటికి తీసుకెళ్లడం. ఆమె హాల్లో కూర్చుని, నలభై ఏళ్లు కాపురం చేసిన ఇంటిని పరాయి ఇల్లులా చూసి, "ఏమండీ, ఇంటికెళ్దాం" అంది. ఆయన కుప్పకూలిపోయారు. ఈ ప్రయత్నం విఫలమైనా వృథా కాలేదు; దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

నాలుగోది మంచం పక్కన క్షమాపణ. రోజూ ఆమె చేయి పట్టుకుని "నన్ను క్షమించావా?" అని అడిగేవారు. ప్రశ్న ఆమెకు అర్థం కాదు. ఆయన కన్నీళ్లు మాత్రం అర్థమవుతాయి, తనూ బెంబేలెత్తి ఏడుస్తుంది. ఆ ఏడుపే తన నేరానికి రుజువుగా ఆయన ఇంటికి మోసుకెళ్లేవారు.

మా దగ్గర మొదట వాడింది మామూలు ఆలోచనల పట్టిక: ఆలోచన, దానికి అనుకూలంగా ఉన్నవి, వ్యతిరేకంగా ఉన్నవి. అదీ ముందుకు సాగలేదు. కారణం స్పష్టం. "మాట తప్పాను" అన్నది వక్రించిన ఆలోచన కాదు, జరిగిన విషయం. నిజాన్ని అబద్ధమని నిరూపించే పనిముట్టుతో పనిచేయబోతే మన మీద నమ్మకం పోతుంది.

దారి మార్చిన పని: చీటీలు

"తప్పు చేశాను" అన్న ఒక్క మాట కింద ఎన్ని ఉన్నాయో విడదీయాలనుకున్నాం. ఖాళీ చీటీలిచ్చి, "నేను తప్పు చేశాను, ఎందుకంటే..." అన్న వాక్యాన్ని ఒక్కో చీటీ మీద ఒక్కో రకంగా పూర్తి చేయమన్నాను. ఒక చీటీకి ఒకే కారణం. ఇంటి దగ్గర కూడా గుర్తొచ్చినప్పుడల్లా రాయమన్నాను.

వచ్చినవి ఇవి. మాట ఇచ్చి తప్పాను. ఇంకో ఏడాది లాగగలిగేవాణ్ణి. నేను వచ్చేస్తుంటే ఏడుస్తుంది. వేరేవాళ్ల చీర కట్టి కూర్చోబెడుతున్నారు, కళ్లజోడు పెట్టడం లేదు. చేర్చిన మొదటి రాత్రి నాకు ఒళ్లు తెలియని నిద్ర పట్టింది. ఇంట్లో ఆవిడ కంచం చూడలేకపోతున్నాను. మరదలు అన్నది నిజం.

ఇవన్నీ ఒకే జాతివి కావు. కళ్లజోడు చీటీ అపరాధ భావం కాదు, ఒక ఫిర్యాదు, సరిచేయవచ్చు. కంచం చీటీ దుఃఖం. నిద్ర చీటీ సిగ్గు. ఏడాది చీటీ, జరిగిపోయాక వెనక్కి చూసి ఇచ్చుకున్న తీర్పు. మాట చీటీ నిజమైన నష్టం. ఒక్కోదానికి ఒక్కో వైద్యం. అన్నిటికీ కలిపి ఓదార్పు అనే ఒకే మందు ఇచ్చినందువల్లే ఏదీ తగ్గలేదు.

ఏది ముందు అన్నది ఇక్కడ పెద్ద నిర్ణయం. మాట చీటీయే అన్నిటికన్నా బరువైనది, మనసు అటే లాగుతుంది. కానీ కళ్లజోడుతో మొదలుపెట్టాం. ఆయన బాధలో నిజమైన సమాచారం ఉందని, దాన్ని మేం తీసిపారేయడం లేదని ముందు ఆయనకు కనపడాలి. పైగా భార్య కళ్లజోడు లేకుండా కూర్చుని ఉండగా భర్తకు మనశ్శాంతి నేర్పడం న్యాయం కాదు.

సరిచేయగలిగినవి

హెడ్ నర్సుతో కూర్చున్నాం. ఫిర్యాదుల జాబితా బదులు ఒక్క పేజీ కాగితం ఆయన చేత రాయించాం, ఆమె గురించి. ఏ పేరుతో పిలిస్తే పలుకుతుంది. ఎడమ చెవి వినపడదు కాబట్టి కుడివైపు నుంచి, ఎదురుగా కనపడుతూ రావాలి. స్నానానికి నీళ్లు ముందు పాదాల మీద పోయాలి, తర్వాత చేతుల మీద, తల చివర. ఒంటి మీద టవల్ కప్పే ఉంచాలి. "రా, రా" అని తొందరపెడితే బిగుసుకుపోతుంది. ఇది ఆమె అల్మారా తలుపుకు లోపలివైపు అంటించారు, షిఫ్టు మారినా కనపడేలా. బట్టల మీద పేరు కుట్టించారు. రెండో కళ్లజోడు చేయించి నర్సుల బల్ల దగ్గర పెట్టారు. సెంటర్ తరఫున మాట్లాడేది ఒకే మనిషి అని తేల్చుకున్నారు.

తగువులకు ఒక పద్ధతి పెట్టాం. ప్రమాదమైతే అదే రోజు, రాతపూర్వకంగా. అసౌకర్యమైతే వారానికోసారి జరిగే మాటల్లో. ప్రమాదం కింద వచ్చేవేమిటో కూడా రాసుకున్నాం: కారణం చెప్పలేని కమిలిన గుర్తులు, పుండ్లు, నెలవారీ తూకంలో బరువు పడిపోవడం, ఇంటివాళ్లకు చెప్పకుండా మత్తు కలిగించే మందు మొదలుపెట్టడం, చెప్పకుండా వెళ్తే లోపలికి రానివ్వకపోవడం. ఇలాంటివి కనిపిస్తే కౌన్సెలింగ్ గదిలో కూర్చోబెట్టి ఆ మనిషిని శాంతపరచకూడదు. సెంటర్‌ని నిలదీయాలి, అవసరమైతే మార్చాలి. ఈ కేసులో అవేవీ లేవు.

వచ్చేసే క్షణం

ఆయన్ని రోజూ గాయపరిచేది ఆమె ఏడుపు. తను బయటికొచ్చాక రాత్రంతా ఏడుస్తూనే ఉంటుందని ఆయన నమ్మకం. దాని గురించి వాదించడం మానేసి, కొలవమన్నాం. రెండు వారాల పాటు సిబ్బంది రోజుకు నాలుగుసార్లు రాశారు: ఆయన రావడానికి పది నిమిషాల ముందు, వెళ్లేటప్పుడు, వెళ్లిన పావుగంటకు, ముప్పావు గంటకు. ఏడుపు, అటూ ఇటూ తిరగడం, నిమ్మళంగా ఉండడం, నవ్వడం. అంతే, నాలుగు గడులు.

పట్టిక రెండు విషయాలు చెప్పింది. ఎక్కువ రోజులు ఏడుపు పావుగంటలో ఆగింది. ముప్పావు గంట దాటినవన్నీ ఆయన సాయంత్రం ఆరు, ఏడు మధ్య వెళ్లిన రోజులు, తలుపు దగ్గర నాలుగైదుసార్లు "వెళ్లొస్తాను" చెప్పిన రోజులు. పొద్దువాలాక కలవరం పెరగడం డిమెన్షియాలో తెలిసిన విషయమే. ఆ వేళలో వీడ్కోలు చెప్పడమంటే రెండు కష్టాలను ఒకదాని మీద ఒకటి పెట్టడం.

నర్సు ఒకరు ఇంకో సంగతి గమనించి చెప్పారు: ఆయన బ్యాగు భుజాన వేసుకోగానే ఆమె ముఖం మారుతోంది, మాట కన్నా ముందే. బ్యాగు, గొడుగు ఆఫీసు గదిలో వదిలి లోపలికి వెళ్లడం మొదలుపెట్టారు. ఉదయం పదిన్నరకు వచ్చి, భోజనం వేళకు ఒక నర్సు వచ్చి పక్కన కూర్చున్నాక, "నువ్వు భోంచెయ్యి, నేను మళ్లీ వస్తాను" అని ఒక్కసారి చెప్పి లేచేవారు. అందులో అబద్ధం లేదు. చెప్పకుండా జారుకోవడం వద్దన్నాం; ఆమె వెతుక్కుంటే ఆ భయం వేరే.

"ఇంటికెళ్దాం" అన్న మాటకు జవాబు విడిగా సాధన చేశాం. "ఇదే నీ ఇల్లు" అంటే వాదన. "రేపు వెళ్దాం" అంటే మరో తప్పబోయే మాట, అసలు గాయం మీద ఇంకోటి. ఇక్కడే ఆ విఫలమైన మధ్యాహ్నం పనికొచ్చింది. ఇంట్లో ఉండగానే ఆమె ఇంటికెళ్దామంది. చివరి ఏడాది సాయంత్రాల్లో కూడా అలాగే అనేదని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. ఆమె అడుగుతున్నది ఆ చిరునామాను కాదు, తను నెమ్మదిగా, భయం లేకుండా ఉన్న ఒక స్థితిని. కాబట్టి ముందు శరీరం చూడాలి: బాత్రూమ్ అవసరమా, నొప్పా, చలా, పక్కన టీవీ గోలా. తర్వాత భావానికి జవాబు: "ఇంటి మీద ధ్యాస మళ్లిందా? ఇల్లంటే ఏం గుర్తొస్తోంది చెప్పు." తర్వాత చేతికి ఏదో పని.

రాకపోకల్ని తగ్గించేటప్పుడు రోజుల్ని ముట్టుకోలేదు, ముందు గంటల్నే తగ్గించాం. ఆయనకు విలువైనది "రోజూ" అన్న మాట. దాన్ని మొదటే తీసేస్తే రెండు వారాల సలహా మళ్లీ ఇచ్చినట్టే. తొమ్మిది గంటలు రెండు గంటలయ్యాయి. ఆ రెండు గంటల్లో చేసే పని మారింది: జుట్టు చిక్కు తీసి జడ వేయడం, చేతులకు క్రీమ్ రాయడం, ఇద్దరూ కలిసి టవళ్లు మడవడం. జడ వేయడం ఆయనకు రాదు. నర్సు దగ్గర నేర్చుకున్నారు. తర్వాత పట్టిక చూసుకుంటూ, ఆమెకు సంగీతం క్లాసు ఉన్న రోజున ఒకసారి మానేసి, ఆ రోజు ఆమె ఎలా ఉందో మర్నాడు చదువుకున్నారు. కొన్ని నెలల్లో వారానికి నాలుగు రోజులకు వచ్చింది. అది ఆయన నిర్ణయం.

"గుర్తుండదు కదా, వెళ్లి ఏం లాభం" అనే బంధువులకు చెప్పడానికి ఒక ఆధారం ఇచ్చాం. అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, అల్జీమర్స్ ఉన్నవారికి సంతోషపెట్టే, బాధపెట్టే సినిమా తునకలు చూపించారు. చూసినది మరిచిపోయాక కూడా ఆ భావం వారిలో నిలిచి ఉంది. జడ వేసిన సంగతి ఆమెకు గుర్తుండదు. దాని హాయి కాసేపు ఉంటుంది. కన్నీళ్లతో అడిగిన క్షమాపణ తాలూకు కలవరం కూడా అలాగే ఉంటుంది. ఆయన మంచం పక్క క్షమాపణ మానేయడానికి నా సలహా కన్నా ఈ వివరమే ఎక్కువ పనిచేసింది.

ఇంకో ఏడాది

జరిగిపోయినదాని మీద ఇప్పటి తెలివితో తీర్పు చెప్పుకోవడం మనసుకు తగిలిన గాయాల తర్వాత వచ్చే అపరాధ భావంలో తరచూ కనపడుతుంది. మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ క్యుబానీ ఈ రకం అపరాధ భావానికి వాడిన పద్ధతిని ఇక్కడికి మలుచుకున్నాం. నిర్ణయం తీసుకున్న రోజున మీకు తెలిసినదేమిటి, ఉన్న దారులేమిటి, ఒక్కోదాంట్లో ఆమెకు ఏమయ్యేది?

సాక్ష్యం ఆయన దగ్గరే దొరికింది. మందుల నోటుబుక్కు. మాత్రల లెక్క పక్కన రాత్రి సంగతులు రాసుకునేవారు: "2.10 తలుపు దగ్గర. 3.40 మళ్లీ. 4.30 పక్క తడి, గుడ్డలు మార్చాను." చివరి నెల పేజీలు ఆయన చేతే గట్టిగా చదివించాను, వ్యాఖ్యానం చేయలేదు. తర్వాత నాలుగు దారులు కాగితం మీద పెట్టాం: అలాగే కొనసాగడం, రాత్రికి మనిషిని పెట్టడం, కూతురింటికి మారడం, సెంటర్. పెట్టుకున్న అటెండెంట్లిద్దరూ అప్పటికే మానేశారు. కూతురింట్లో మెట్లు, పగలు ఎవరూ ఉండరు. "ఇంకో ఏడాది" గురించి ఆయనే అన్నారు: "ఏడాది ఎక్కడిది మేడమ్, ఇంకో వారం ఉంటే ఇద్దరం కింద పడుండేవాళ్లం." అదే మాట నేనన్నా, కూతురన్నా ఓదార్పు అయ్యేది. తన చేతిరాత చదివి తనే అన్నది కాబట్టి నిలబడింది.

నిద్ర చీటీ ఇక్కడే కలిసిపోయింది. ఏడాదిన్నర సరైన నిద్ర లేని ఒళ్లు ఒక రాత్రి పడిపోవడం అలసట. అది ప్రేమ మీద తీర్పు కాదు.

మాట

మాట తప్పలేదని ఒప్పించే ప్రయత్నం చేయలేదు. తప్పారు. ఆ నష్టం పక్కన కూర్చోవాలి ముందు. ఆ తర్వాత అడిగిన ప్రశ్న: ఆ రోజు ఆమె దేనికి భయపడి ఆ మాట అడిగి ఉంటారు? చాలాసేపు ఆలోచించి మూడు చెప్పారు: ఒంటరిదైపోతానని, ఎవరో మొరటుగా ముట్టుకుంటారని, తనను మరిచిపోతారని. మూడిటినీ ఇప్పుడు చేయగల పనులుగా రాసుకున్నారు. వారానికి నాలుగు రోజులు పక్కన ఉండడం. స్నానం కాగితం అమలవుతోందో చూడడం. ఆమె ఎవరో, ఏం చేసిన మనిషో సిబ్బందికి తెలిసేలా పాత ఫోటోల ఆల్బమ్ ఒకటి గదిలో ఉంచడం.

క్షమాపణకు చోటు కావాలి కాబట్టి ఒక ఉత్తరం రాయించాం, జబ్బు తేలిన రోజునాటి ఆమెకు. మా గదిలో చదివారు. ఆమె దగ్గర చదవలేదు, చదవకూడదు కూడా. క్షమించే బరువు ఇప్పుడామె మోయలేదు.

ఆ ఉత్తరం తర్వాత, చాలా ఆలస్యంగా, మడత పెట్టిన చీటీ ఒకటి బల్ల మీద పెట్టారు. చివరి నెలల్లో ఒక రాత్రి స్నానాల గదిలో ఆమె కొడితే, ఆయన ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా గుంజారు. మోచేయి దగ్గర కమిలింది. ఎవరికీ చెప్పలేదు. మిగతా చీటీలన్నిటికీ వేడి ఇక్కణ్నుంచే వస్తోందని అప్పుడర్థమైంది. దీన్ని "అలసటలో ఎవరికైనా జరుగుతుంది" అని తేలిక చేయలేదు. అలసట కారణం, కానీ ఆమెకు దెబ్బ తగిలింది. నిజంగా జరిగిన తప్పుకు ఒప్పుకోలు, సరిదిద్దుకోలు కావాలి. ఆయన కూతురికి ఫోన్ చేసి చెప్పారు. స్నానం కాగితానికి ఇంకో రెండు పంక్తులు చేర్చారు: కొడితే చెయ్యి పట్టుకోవద్దు, ఒక అడుగు వెనక్కి వేసి, నీళ్లు ఆపి, ఐదు నిమిషాల తర్వాత వేరే మనిషి ప్రయత్నించాలి. సిబ్బంది ఇప్పటికీ అలాగే చేస్తున్నారు.

దుఃఖం బయటికొచ్చింది

అపరాధ భావం సడలాక ఆయన ఏడవడం మొదలుపెట్టారు, పీహెచ్‌క్యూ-9 కొన్నాళ్లు కాస్త పెరిగింది కూడా. దీని గురించి కుటుంబాన్ని ముందే హెచ్చరించాం, లేకపోతే చికిత్స దెబ్బకొట్టిందనుకుంటారు. తప్పు చేశానన్న భావనలో "నేను వేరేలా చేసుంటే" అన్న పట్టు ఒకటి ఉంటుంది. అది వదిలితే మిగిలేది చేతకానితనం: ఎవరేం చేసినా ఈ జబ్బు ఆగదు. మనిషి ఎదురుగా ఉండగానే మనిషిని పోగొట్టుకోవడాన్ని కుటుంబ చికిత్సకురాలు పౌలీన్ బాస్ 1970ల నుంచి అస్పష్ట నష్టంగా వివరించారు. పోయిన రోజంటూ ఒకటి ఉండదు, ఓదార్చడానికి ఎవరూ రారు. కంచం చీటీ గురించి ఆయన మాట్లాడింది అప్పుడే. కంచం తీసేయాలా ఉంచాలా అన్నది నిర్ణయించాల్సిన పని లేదని, అల్మారాలో పై అరకు మార్చడం చాలని తేల్చుకున్నారు. కుర్చీలోంచి మంచానికి మారడం మెల్లగా జరిగింది: ముందు కుర్చీ పడకగదిలోకి, తర్వాత మంచం మీద కూర్చోవడం, రెండింటికి మెలకువ వస్తే గొళ్లెం దగ్గరికి వెళ్లకుండా దీపం వేసి నోటుబుక్కులో ఒక పంక్తి.

మరదలి మాటకు జవాబు ముందే సిద్ధం చేసుకున్నారు. సంజాయిషీ కాదు, ఆహ్వానం: "అక్కయ్య మీద నీకున్న ప్రేమ నాకు తెలుసమ్మా. మంగళవారాలు నువ్వొచ్చి ఆవిడ దగ్గర కూర్చో, నేను రాను." ఆమె వచ్చింది. రెండో వారం తర్వాత ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

ఇప్పటి స్థితి

ఆరో నెలకు పీహెచ్‌క్యూ-9 స్కోరు 7, తొమ్మిదో ప్రశ్నకు సున్నా. జారిట్ 20, 21 ప్రశ్నలకు రెండేసి. సున్నా కాలేదు, సున్నా కావాలని లక్ష్యమూ పెట్టుకోలేదు.

మధ్యలో ఒకసారి గట్టిగా తిరగబెట్టింది. రెండు రోజుల్లో ఆమె మత్తుగా, మాట తీరే మారిపోయి కనిపించింది. "నేను ఇంట్లో పెట్టుకునుంటే ఇలా అయ్యేది కాదు" అని ఆయన ఫోన్ చేశారు. గంటల్లో, రోజుల్లో వచ్చిన మార్పు డిమెన్షియా ముదరడం కాకపోవచ్చు. డెలీరియం, అంటే ఒంట్లో ఏదో తేడా వల్ల హఠాత్తుగా వచ్చే మతి కలవరం కావచ్చు, దాని వెనక ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నొప్పి, కొత్త మందు ఏదైనా ఉండవచ్చు. అదే రోజు డాక్టర్ని పిలిపించారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మందులకు తగ్గింది. ఆ తర్వాత ఆయన తన కోసం ఒక నియమం రాసుకున్నారు: "హఠాత్తుగా మారితే ముందు డాక్టర్, తర్వాత బాధ."

ఇలాంటి కేసు చేపట్టేవారికి

చీటీల పద్ధతి చదవడం రాయడం మీద ఆధారపడదు. చెబితే మనం రాయవచ్చు. కానీ ఒక చీటీకి ఒక కారణమన్న నియమం సడలించవద్దు. రెండు కలిస్తే మళ్లీ ముద్దే. సరిచేయగలిగిన చీటీ ఒక్కటీ రాకపోతే సెంటర్‌కి ఒకసారి మీరే వెళ్లి చూడండి. సిగ్గుతోనో, భయంతోనో చెప్పకపోవచ్చు. నాలుగు గడుల పట్టికకు సిబ్బంది ఒప్పుకోకపోతే వారానికి రెండు రోజులకైనా అడగండి, సాయంత్రం ఒకటి, ఉదయం ఒకటి ఉండేలా. ఒకవేళ పట్టికలో ఏడుపు ఆగడం లేదని తేలితే అది కూడా సమాచారమే: నొప్పి, డిప్రెషన్, గది మార్పు, సిబ్బంది తీరు వరుసగా చూడాలి. పట్టిక ఆయన్ని ఊరుకోబెట్టడానికి కాదు కాబట్టి, ఏం చూపిస్తుందో ముందే హామీ ఇవ్వకండి.

మడత పెట్టిన చీటీ గురించి మీరే ముందు అడగవచ్చు, నెమ్మదిగా, నమ్మకం కుదిరాక: "అలసటలో చెయ్యి జారిన రోజులు ఉన్నాయా?" ఒక్కసారి జరిగినదానికి, పదేపదే జరిగినదానికి తేడా ఉంది. పదేపదే జరిగితే రోగి భద్రత విషయం మొదట వస్తుంది, ఆమెను ఎవరు ఒంటరిగా కలుస్తారన్నదీ అందులో భాగమే.

సెషన్లు ముగించేటప్పుడు మళ్లీ ఎప్పుడు రావాలో ఆయనతో కలిసి రాసుకున్నాం: ఆమెను వేరే వార్డుకు మార్చినప్పుడు, ఆమె మింగడం కష్టమైనప్పుడు, ఆమె పోయిన నెలలోపు. మింగడం ఆగాక ఏం చేయాలి, ఆస్పత్రికి తరలించాలా వద్దా అన్న ప్రశ్నలు వచ్చే వరకు ఆగకుండా, ఇప్పుడే పిల్లల్ని, సెంటర్ డాక్టర్‌ని కూర్చోబెట్టి మాట్లాడుకోమన్నాం. ఆ సమావేశం వచ్చే నెలలో ఉంది.